ఎదురింటి కరెంటు, నా పంతం

ఆ ఏడు గాలివాన మా నారాయణఖేడ్‌లో చాలా ఇళ్ల రేకులు లేపింది. నా కొంప ముంచింది మాత్రం గాలివాన కాదు, నేనే. నవ్వుకోండి, పరవాలేదు. ఎవరెవరు నవ్వారో గుర్తుపెట్టుకుంటాను.

అప్పుడు నా భార్య సుజాత చంటిపిల్లతో నాగల్‌గిద్దలో, పుట్టింట్లో ఉంది. వాళ్లు లేని ఇల్లు పెళ్లయిపోయిన షామియానాలా ఉండేది. రోజూ పొద్దుగూకే వేళ ఫోన్ చేసేది. వానకు ముందురోజు, "పిల్ల నాయినా అనేటట్టే ఉన్నది. మొదలు నీకే వినిపిస్త" అంది. మర్నాటికి కరెంటు పోయింది, ఫోన్ చచ్చింది.

ఎదురింటి సంగవ్వకు మాత్రం వేరే ట్రాన్స్‌ఫార్మర్. ఆమె ఇల్లు జాతరలా వెలుగుతోంది. అక్కడ ఛార్జింగ్ పెట్టుకోవచ్చుగా అంటారా? కొడుకు పెళ్లిలో ఆమె బక్షాలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తూ సరిగ్గా నా విస్తరి దగ్గరికొచ్చి, "అయిపోయినయ్ బిడ్డా" అంది. వంటింట్లో నిండు గంప నేను కళ్లారా చూశాను! ఆ ఇంటి కరెంటు నా ఫోన్‌లోకి ఎక్కనిస్తానా? నా మీటరు తిరిగితేనే నా ఫోన్ నిండాలి.

సాయంత్రం కాగానే సంగవ్వ చేయి ఊపుకుంటూ మా గుమ్మం వైపు వచ్చేది. తన ఇంటి వెలుగు గొప్ప చెప్పుకోవడానికే! నేను వెనక తలుపు తీసి, గోడ దూకి, తిన్నగా కరెంటు ఆఫీసుకు.

"ఇంకెప్పుడిస్తరు?"

"మనూర్ దిక్కు స్తంభాలన్ని పడ్డయ్ అన్నా," అనేవాడు లైన్‌మన్. "గోడలు దుంకొస్తున్నవా ఏంది, ప్యాంటుకంత సున్నం?"

"ఆడ నా బిడ్డ పిలుస్తదేమో అని నేను పరేషానైతున్న!"

"ఎవలింట్లనన్న ఛార్జింగ్ పెట్టుకోరాదే?"

"నువ్వు తీగె గుంజు. నాకు చెప్పకు."

ఇంటికొచ్చి ఖాళీ ఊయల చీర పట్టుకుని కూర్చునేవాణ్ని. చీకట్లో దానికి ఇంకా పాల వాసన వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఫ్యాను తిరిగింది. ఫోన్ కాస్త ఎక్కగానే కలిపాను.

"ఏడ తిరుగుతున్నవ్?" అరిచింది సుజాత. "రోజు సంగవ్వకు ఫోన్ చేస్తున్న. నీకియ్యమంటే, 'నీ మొగడు నన్ను చూస్తే గోడ దుంకుతుండు' అంటది!"

"పిల్ల..."

"నాయినా అన్నది. నువ్వు లైన్లకొచ్చినవనుకొని ఫోన్ దాని నోటికాడ పెట్టిన."

"ఎవరు విన్నరు?"

"సంగవ్వ. 'ఓ బిడ్డా' అని పలికింది గూడ."

"మళ్లొకపారి అనిపియ్యరాదే!"

"ఇప్పుడు నాయిన లేదు ఏం లేదు. పొద్దుమాపు అవ్వా, అవ్వా అంటున్నది."

అందుకే ఊళ్లోని గుడి, చర్చి, మసీదుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో సంగవ్వను చూసి గోడ దూకను. నేనే ఆమె గుమ్మంలోకి వెళ్లి, నా బిడ్డ ఆ మాట ఎలా అందో, ఎంత మెల్లగా అందో, అడిగి అడిగి చెప్పించుకుంటాను.