పర్వాలేదండీ

మా పెద్ద తోటికోడలు పని తప్పించుకోవడానికే నొప్పులంటూ మంచమెక్కేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. భీమడోలు నుంచి ఏలూరు వెళ్లే బస్సులో గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకోవడం పక్క సీట్లోంచి చూసినదాన్ని. భుజం నుంచి వేళ్ల దాకా కరెంటు పాకినట్టుంటుందనేది, తొడలు ఎవరో పట్టి పిండుతున్నట్టుంటుందనేది.

"దీనికో పేరంటూ దొరికితే ఇంట్లోవాళ్లు నమ్ముతారే అమ్మాయ్" అనేది.

తీరా నరాల డాక్టరు ముందు కూర్చోగానే చీర సర్దుకుని నవ్వేది. "ఎలా ఉందమ్మా?" అని ఆయన అడిగితే, "పర్వాలేదండీ" అనేది.

"పర్వాలేకపోతే ఇంత దూరం ఎందుకొచ్చామండీ, ఊరు చూడ్డానికా?" అని నేనే అందుకున్నాను. ఆయన రిపోర్టుల్లోంచి తలెత్తకుండానే, "అన్నీ నార్మల్. మనసు ప్రశాంతంగా ఉంచుకోమనండి" అన్నాడు. తాడేపల్లిగూడెం డాక్టరు దగ్గరా ఇదే వరస.

బయటికొచ్చాక, "ఎందుకక్కయ్యా అలా చెప్తారు?" అని నిలదీశాను.

"అంత పెద్దాయన మర్యాదగా అడిగితే, బాలేదని మొహం మీద ఎలా అంటామే?"

నొప్పికి పేరు దొరక్కుండానే కిందటేడు ఆవిడ జ్వరంతో చనిపోయింది. ఆవిడ మర్యాదకు పోయి నోరు విప్పలేదు, సరే. రెండు చేతులూ బల్లకు ఆనించి, పళ్లు బిగిస్తే తప్ప ఆవిడ కుర్చీలోంచి లేవలేకపోవడం ఎదురుగా కూర్చున్న డాక్టరుకు ఎందుకు కనపడలేదు?