మీ ఇష్టమండీ

మా అమ్మాయి తల వంచుకుని "మీ ఇష్టమండీ" అన్నప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

వేసవి సెలవులు. మధ్యాహ్నం వంటింట్లో గంజి వారుస్తున్నాను. వరండాలో పిల్లలిద్దరూ మార్కెట్ ఆట ఆడుకుంటున్నారు. నాలుగేళ్ళ మావాడు వాళ్ళ నాన్న తువ్వాలు భుజాన వేసుకుని కమీషన్ షాపు యజమాని అయ్యాడు. ఎనిమిదేళ్ళ అమ్మాయి రైతు. గాలికి రాలిన పచ్చికాయలు చేటలో పోసుకుని కూర్చుంది. వాడు పెద్దమనిషిలా దగ్గి, తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

మా వైపు మామిడి బేరాలు కొన్ని ఇప్పటికీ అలాగే సాగుతాయి. రేటు నోటితో చెప్పరు. తువ్వాలు కింద కొనేవాడు అమ్మేవాడి వేళ్ళు పట్టుకుంటాడు. పట్టుకున్న వేళ్ళను బట్టి ధర. చుట్టూ ఎంతమంది నిలబడి చూస్తున్నా, ఎవరి కాయ ఎంతకు పోయిందో పక్కవాడికి తెలియదు.

మావాడు వేళ్ళు నొక్కాడు. అమ్మాయి ఆ మాట అంది.

"అలా కాదక్కా! చాలదు అనాలి. పోట్లాడు!"

"నాన్న పోట్లాడడురా. నాన్న ఇలాగే అంటాడు."

గంజి చేతి మీద పడింది. ఆ మంట గంటలో చల్లారింది, అమ్మాయి మాట మాత్రం చల్లారలేదు.

మా ఆయన పిరికివాడు కాదు. తోటలోకి పాము వస్తే కర్ర తీసుకుని ముందు నడిచేది ఆయనే. కానీ మేమందరం ఆ మాట అనడానికి అలవాటు పడిపోయాం. నూనె ప్యాకెట్ రేటు పెంచి, ప్యాకెట్ చిన్నది చేస్తే, అంగడాయన "ఏం చేయమంటారమ్మా, పైనుంచే అలా వస్తోంది" అంటాడు. మేం సరేనంటాం. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు బిల్లు మీద ఇంకొంచెం అడిగితే ఇస్తాం. స్కూలు ఆటో ఛార్జీ పెంచినా, పురుగుమందు డబ్బా ధర పాత స్టిక్కర్ మీద కొత్త స్టిక్కర్ వేసి అమ్మినా సరేనంటాం. మర్యాద అనుకుంటూ అంటాం. గొంతు పెంచితే బాగోదని అంటాం.

డిగ్రీలో నేను ఎకనామిక్స్ చదివాను. ద్రవ్యోల్బణం గురించి అడిగితే అన్నీ రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. కొనేవన్నీ పెరుగుతూ, అమ్మేది ఒక్కటీ తగ్గుతూ, ఆ రెండూ ఒకే ఇంటి గుమ్మంలో ఎలా జరుగుతాయో ఆ పుస్తకంలో లేదు. ఉన్నా నాకు గుర్తు లేదు.

ప్రభుత్వం మాట్లాడలేదని అనను. మాట్లాడింది. విస్సన్నపేటలో పెద్ద సభ పెట్టారు. మైకులో మామిడికి మద్దతు ధర అన్నారు. మా ఆయన ఆ సభ నుంచి మిఠాయి పొట్లంతో వచ్చారు. వారం తిరిగాక తెలిసింది, అది కలెక్టరు కాయకి, అంటే తోతాపురికి మాత్రమేనట, అదీ గుజ్జు ఫ్యాక్టరీకి తోలితేనట. మా తోటలో ఉన్నవి చిన్న రసాలు, బంగినపల్లి. దగ్గర్లో ఉన్న ఫ్యాక్టరీ మూతపడి ఉంది. "కలెక్టరు పేరు పెట్టుకున్న కాయకే విలువ, మనవి మామూలు కాయలు" అని మా ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు నాయకుల కోసం ప్రార్థన చేయించారు. కళ్ళు మూసుకుని ఉండగా వెనక వరసలోంచి ఒకావిడ నా చెవిలో అంది: "వాళ్ళ కోసం మొక్కీ మొక్కీ మోకాళ్ళు అరిగాయి వదినా. కందిపప్పు మాత్రం కిందకి దిగలా." నవ్వు ఆపుకోలేక ఆమేన్ గట్టిగా అన్నాను.

పిల్లల ఆట జరిగిన రాత్రి అన్నం దగ్గర మా ఆయన అసలు సంగతి చెప్పారు.

"రేపు వేసే లోడు కూడా పోయినసారిలాగే పోతే, మిషన్ కోతవాణ్ణి రమ్మంటా. చెట్లు కొట్టించేసి కలప అమ్మేద్దాం. పామాయిల్ వేద్దాం. అందరూ అదే చేస్తున్నారు."

"అన్నీనా?"

"సగం ఉంచి ఏం చేస్తాం? చూసుకుని ఏడవడానికా?"

ఆ మామిడి అంట్లు మా పెళ్ళయిన ఏడాది ఇద్దరం కలిసి పెట్టినవి. నిండుగా కాపు పట్టింది ఈ రెండేళ్ళ నుంచే. ఒక చెట్టుకి పిల్లల ఉయ్యాల ఉంది. అమ్మాయి అన్నం కలుపుకుంటూ మా ఇద్దరి మొహాలూ చూసి, "మీ ఇష్టం నాన్నా" అంది. దాన్ని ఎవరూ అడగలేదు.

మర్నాడు తెల్లవారుజామున పిల్లల్ని పక్కింట్లో వదిలి నేనూ ట్రక్కు ఆటో ఎక్కాను.

"నువ్వెందుకే? అక్కడ ఆడవాళ్ళు ఎవరూ ఉండరు."

"కాయలు కోసింది ఎవరండీ? ట్రేల్లో సర్దింది ఎవరు? వాళ్ళంతా ఆడవాళ్ళేగా."

ఆయన పక్కకి జరిగి చోటిచ్చారు.

మార్కెట్ యార్డులో మా ట్రేలు దించగానే కమీషన్ షాపాయన వచ్చాడు. పెద్దవాడు, తెల్లచొక్కా. ఒక కాయ తీసి వాసన చూశాడు, ముచ్చికె దగ్గర నొక్కాడు, పెదవి విరిచాడు. భుజం మీది తువ్వాలు తీసి చెయ్యి చాచాడు. మా ఆయన చెయ్యి కూడా ముందుకు వెళ్ళింది. చాలా అలవాటైన చెయ్యి.

"తువ్వాలు వద్దండీ," అన్నాను. షాపాయన వినపడనట్టు చెయ్యి అలాగే చాచి ఉంచాడు. మళ్ళీ అన్నాను. "రేటు నోటితో చెప్పండి."

"ఏంటమ్మా ఇది, కొత్తగా?"

"కొత్తేం లేదండీ. కాయ మాది. రేటు మాకు కూడా వినపడాలి కదా."

పక్కన ట్రేల మీద కూర్చున్న ఒకాయన నవ్వాడు. "ఏమోయ్ తమ్ముడూ, ఇవాళ హోం మంత్రి గారిని తోలుకొచ్చావా?"

"ఏ మంత్రి గారూ రాలేదు కదా బాబాయ్ గారూ, అందుకే నేనొచ్చాను," అన్నాను.

నలుగురైదుగురు నవ్వారు. ఈసారి నా మీద కాదు. షాపాయన మొహం ఎర్రబడింది. "చదువుకున్నదానివి, యార్డు పద్ధతి తెలుసుకుని మాట్లాడాలమ్మా" అని, నాకు బుద్ధి చెప్పాలనో ఏమో, రేటు గట్టిగా అనేశాడు. తక్కువ. కోత కూలీ, ఆటో కిరాయి పోగా చేతికేమీ మిగలనంత తక్కువ.

కానీ నవ్విన పెద్దాయన ట్రేల మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"ఏంటయ్యా, వాళ్ళకి అంతా? పొద్దున నా రసాలకి అంతకన్నా తక్కువ నొక్కావే! నా కాయకి ఏం రోగం?"

"నీ కాయ వేరు, వాళ్ళ కాయ వేరు."

"ఒకటే రోడ్డు పక్క తోటలయ్యా, ఒకటే వాన!"

ఇంకొకాయన వచ్చి తనదెంతో చెప్పాడు. మూడో ఆయన చెప్పాడు. అన్నీ వేరు వేరు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎన్నేళ్ళ నుంచో పక్కపక్కనే నిలబడి అమ్ముకుంటున్న మనుషులు రేటెంతని ఒకరినొకరు ఎప్పుడూ అడగలేదు. అడగడం బాగోదని.

షాపాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇస్తే ఇవ్వండి, లేకపోతే ఎత్తుకుపోండి. ఎత్తుకుపోతే మాత్రం మళ్ళీ నా షాపు మెట్లెక్కద్దు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పెదాలు కదిలాయి. ఏ మాట వస్తుందో నాకు తెలుసు. నేను చేసిందంతా పొగరుగా మిగిలిపోతుందేమో, ఈ మొండితనానికి చెట్లన్నీ పోతాయేమో అనిపించింది.

ఆయన ఆ మాట అనలేదు. వంగి ఒక ట్రే ఎత్తి ఆటోలో పెట్టారు. రెండోది ఎత్తారు. మూడోది నేను ఒక పక్క పట్టుకున్నాను. రేటు అడిగిన పెద్దాయన నాలుగోది అందించాడు. "హోం మంత్రి గారూ, మీరు జరగండి, నడుం పట్టుద్ది," అన్నాడు.

హనుమాన్ జంక్షన్‌లో బస్సులు ఆగే చోటికి కాస్త అవతల, హైవే పక్కన ఆటో పెట్టాం. నేను అరవలేననుకున్నాను. అరిచాను. "నూజివీడు రసాలు! చెట్టు మీద పండినవి!" కార్లు ఆగాయి. లారీ డ్రైవర్లు బేరమాడారు, మేమూ ఆడాం. ఒకావిడ నా చీర వైపు చూసి "టీచరమ్మలా ఉన్నావు, ఇదేం పనమ్మా?" అంది. "లెక్కల టీచర్నండీ, కిలో తూకం తప్పదు," అన్నాను. నేను టీచర్ని కాదు. ఆవిడ రెండు కిలోలు తీసుకుంది.

పొద్దు వాలేసరికి ముప్పాతిక లోడు పోయింది. మిగిలినవి మెత్తబడ్డాయి. వాటితో తాండ్ర పోద్దామనుకున్నాం. ఆ రోజు మా ఇంటికి లాభం తెచ్చిందని చెప్పలేను. ఖర్చులు పోగా కొంచెం మిగిలింది, అంతే. నూనె రేటు దిగలేదు. మూతపడిన ఫ్యాక్టరీ తెరుచుకోలేదు. తర్వాతి కోత ఎక్కడ అమ్ముతామో తెలియదు. రెండు రోజుల తర్వాత, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్న ఈ వేళకీ నాకు ఆ భయం ఉంది. కానీ తిరుగు దారిలో, ఆటో చాట్రాయి వైపు మళ్ళగానే, మా ఆయన ఫోన్ తీసి చెట్లు కోసే మిషన్ అతనికి ఒక్క మాట చెప్పారు. "ఈ ఏడు రావద్దులే."

మర్నాడు పొద్దున్నే పిల్లలు మళ్ళీ చేట పట్టుకుని వరండాలో చేరారు. మావాడు వచ్చి తువ్వాలు ఇమ్మన్నాడు. నేను ఇవ్వలేదు. అమ్మాయిని కూడా పిలిచి ఇద్దరికీ చెప్పాను:

"తువ్వాలు నాన్న చెమట తుడుచుకోవడానికి. మీరు ఆట ఆడుకోండి. కానీ రేటు నోటితో చెప్పుకోవాలి, పక్కింటి వాళ్ళకి కూడా వినపడాలి. ముందు రైతే చెప్పాలి. అవతలివాడు కుదరదంటే చేట ఎత్తుకుని లోపలికి వచ్చెయ్యండి. మీ కాయలు నేను కొంటాను."