అయిదు చుక్కల గట్టు

ముందే చెప్పేస్తున్నా, తప్పు మేస్త్రిది కాదు. నవ్వారంటే మాత్రం మధ్యలో ఆపేస్తాను. బంగారంలాంటి వంటింటి గట్టు, అదీ మా అత్తగారు మనసుపడ్డ గట్టు, నేనే దగ్గరుండి... అబ్బే, దగ్గర కూడా లేను. గన్నవరం ఆఫీసులో కూర్చుని, ఫోన్లో పలగ్గొట్టించేశాను. అదీ సంగతి!

సత్యనారాయణపురంలో పాత ఫ్లాట్ కొన్నాం కదా. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. రెండు బుల్లి గదులు, ఒక హాలు, ఒకళ్ళు లోపలుంటే ఇంకొకళ్ళు బయట నిలబడాల్సిన వంటిల్లు. కొనే ముందు మైలవరం నుంచి మా అత్తగారు చూడ్డానికి వచ్చారు. హాలు చూసి మొహం ముడుచుకున్నారు. బాత్రూం చూసి "శివ శివా" అన్నారు. ఇక అయిపోయింది, అడ్వాన్సు వెనక్కి అడగడమే అనుకుంటుంటే వంటింట్లోకి వెళ్ళి ఆ నల్లరాతి గట్టు దగ్గర నిలబడ్డారు. ఆవిడ కాస్త పొట్టి. ఎవరింట్లో వంట చేసినా భుజాలు పైకెత్తి చెయ్యాల్సిందే. ఇక్కడ మాత్రం చేతులు హాయిగా ఆనాయి. తూర్పు ముఖం, ఆగ్నేయం మూల, రాయికి ఎక్కడా చిన్న పగులు కూడా లేదు.

"ఈ గట్టు మీద పాలు పొంగించండి, చాలు. కొనేసుకోండి," అన్నారు.

ఆవిడ ఒక వస్తువుని అంతలా మెచ్చుకోవడం నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నన్నయితే ఇప్పటికీ మెచ్చుకోలేదు. మూడు వారాల్లో గృహప్రవేశానికి ముహూర్తం కూడా ఆవిడే పెట్టించేశారు.

మా ఆయనేమో మరమ్మతుల పని ఎవరైనా ఇంజనీరుకి అప్పజెబుదామన్నారు. నాకు నవ్వొచ్చింది.

"ఏవండీ, కార్గో ఆఫీసులో నేను పొద్దస్తమానం చేసే పనేంటి? ట్రాకింగ్! ఎక్కడెక్కడికో వెళ్ళే పెట్టెలు ఏ నిమిషానికి ఎక్కడున్నాయో చెప్తాను. రెండు గదుల ఫ్లాట్ ట్రాక్ చెయ్యలేనా?"

"పెట్టెలు మాట్లాడవు పద్మా. మేస్త్రీలు మాట్లాడతారు," అన్నారాయన.

అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది!

మేస్త్రి పేరు ఏసుబాబు. నిదానస్తుడు, పనిమంతుడు. ఆయనకో లోపం ఉందనుకున్నాను, అదేంటంటే ప్రతిదానికీ అడుగుతాడు. "ఇది తియ్యమంటారా అమ్మా? ఇది ఉంచమంటారా అమ్మా?" ఇలా అయితే మూడు వారాలు కాదు, మూడేళ్ళయినా తెమలదని నేనొక సిస్టం కనిపెట్టాను. ఆదివారం ఎర్ర పెయింటు డబ్బా, చిన్న బ్రష్షు పట్టుకెళ్ళి, పగలగొట్టాల్సిన వాటన్నిటి మీదా ఒక్కో చుక్క పెట్టాను. హాల్లో సిమెంటు అలమరాకి ఒకటి, బెడ్రూం అటకకి ఒకటి, బాత్రూం టైల్స్‌కి ఒకటి, వంటింట్లో చిల్లుపడ్డ సింకుకి ఒకటి.

"చూడండి మేస్త్రి గారూ, ఎర్ర చుక్క ఉందా, తీసెయ్యండి. లేదా, ముట్టుకోకండి. ఇక అడగడాల్లేవు. సాయంత్రం అయిదింటికల్లా ఫొటోలు గ్రూపులో పెట్టండి, నేను షీట్లో శాతాలు వేసుకుంటాను."

"ఇదేదో బాగుందండమ్మా," అన్నాడాయన. బాగుండదూ మరి! నా అంతట నేనే నా భుజం తట్టుకున్నాను.

సోమవారం పొద్దున్నే అత్తగారి ఫోను. "అమ్మాయ్, పని మొదలెట్టే ముందు దీపం పెట్టు. గడపకీ, ఆ గట్టుకీ పసుపు రాసి బొట్లు పెట్టు. చుట్టూ సుత్తులూ గునపాలూ ఆడతాయి. దాని మీద ఒక్క దెబ్బ పడకూడదు."

పెద్దావిడ చెప్పాక తప్పుతుందా? పైగా నాకూ ఆ గట్టంటే ఇష్టమే. గడపకి బొట్లు పెట్టేసి, గట్టుని శుభ్రంగా కడిగి, అంచు పొడుగునా పసుపు రాసి, వరసగా అయిదు బొట్లు పెట్టాను. దణ్ణం పెట్టుకుని, తాళం వాచ్‌మన్‌కిచ్చి, బండెక్కి గన్నవరం వెళ్ళిపోయాను.

ఇప్పుడు మీకు అర్థమైపోయింది కదూ? నాకు మాత్రం సాయంత్రం దాకా అర్థం కాలేదు!

పదకొండింటికి మీటింగులో ఉన్నాను. ఏసుబాబు నుంచి వాయిస్ మెసేజ్. నలభై సెకన్లది. చెవి దగ్గర పెట్టుకుంటే, "అమ్మా, ఈ ఎర్ర చుక్కల సంగతండీ..." అని మొదలైంది. వచ్చాడండీ మళ్ళీ, అనుకుని ఆపేశాను. "చుక్క ఉంటే తీసెయ్యడమే. మళ్ళీ అడగొద్దు" అని టైపు చేసి, పక్కన బొటనవేలు పైకెత్తిన బొమ్మ కూడా పెట్టాను. మేనేజ్‌మెంటంటే ఇలా ఉండాలి అనుకున్నాను కూడా!

సరిగ్గా అయిదింటికి ఫొటోలొచ్చాయి. హాలు నిండా రాళ్ళగుట్ట. అబ్బ, కడుపు నిండిపోయింది. అనుకున్నదానికంటే ఎక్కువే కొట్టేశారు! షీట్లో నలభై శాతం వేసుకున్నాను. ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. ఆ ఫొటోని మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, కింద "మొదటి రోజే నలభై శాతం! ఇంజనీరు లేకుండానే!" అని రాశాను. అది మా ఆయన కోసం.

నిమిషంలో ఫోన్ మోగింది. మా ఆయన కాదు, అత్తగారు.

"పద్మా, ఆ గుట్టలో నల్లరాయి ముక్కలు ఎక్కడివే?"

"ఏదో పాత అరలవి అయ్యుంటాయండీ..."

"అరలకి పసుపు ఎవరు రాశారు?"

ఫొటో పెద్దది చేసి చూశాను. ముక్క అంచున పసుపు, దాని మీద నా బొట్టు!

గన్నవరం నుంచి ఎలా వచ్చానో నాకు తెలీదు. రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో నిలబడి ముహూర్తానికి ఎన్ని రోజులుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పంతొమ్మిది. పాలు దేనిమీద పొంగించాలి? ఆవిడకి మొహం ఎలా చూపించాలి? ఇల్లు కొనడానికి ఆవిడ ఒప్పుకున్నదే ఆ ఒక్క రాయి కోసం.

మెట్లు రెండేసి ఎక్కి లోపలికెళ్ళాను. వంటింట్లో గట్టు ఉండాల్సిన చోట గోడకి ఇటుకలు కనిపిస్తున్నాయి. చిల్లుపడ్డ సింకు మాత్రం ఓ పక్కన భద్రంగా ఉంది.

"అదే గట్టిదమ్మా! సగం రోజు అదే తినేసింది. సింకు రేపు తీస్తాం," అన్నాడు ఏసుబాబు, చెమట తుడుచుకుంటూ.

"మేస్త్రి గారూ! అది బొట్టండీ! కుంకుమ! పగలగొట్టమని కాదు!"

ఆయన మొహం మాడిపోయింది. "గడపకి పెడతారని తెలుసమ్మా, అందుకే గడప ముట్టుకోలేదు. మా ఇంట్లో అలవాటు లేదు కదండీ, గట్టుకి కూడా పెడతారేమో తెలీక మిమ్మల్ని అడిగాను. వాయిస్ పెట్టాను కదమ్మా?"

అక్కడే నిలబడి, కూలీలందరి ముందూ ఆ మెసేజ్ మొత్తం విన్నాను.

"అమ్మా, ఈ ఎర్ర చుక్కల సంగతండీ. వంటింటి గట్టుకి కూడా ఉన్నాయి. మిగతావాటికి ఒక్కోటే, దీనికి అయిదున్నాయి. చూస్తే కుంకుమలా ఉంది, పక్కన పసుపు కూడా ఉంది. రాయి నిక్షేపంలా ఉందమ్మా, కొట్టడానికి మనసొప్పట్లేదు. ఒక్కసారి చూసి చెప్పండి."

దాని కిందే, నా బొటనవేలు!

"అయిదు చుక్కలున్నాయి కదా, బాగా గట్టిగా తీసెయ్యమన్నారేమో అనుకున్నాం," అన్నాడాయన మెల్లగా.

వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. నా జీవితంలో అంత మర్యాదగా ఎవరికీ నీళ్ళివ్వలేదు.

మర్నాడు అత్తగారు మొదటి బస్సుకే దిగిపోయారు. తిడతారని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు, దాంతో ఇంకా భయమేసింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ ఖాళీ గోడ ముందు నిలబడి, గాల్లో అట్లు పోస్తున్నట్టు చెయ్యి తిప్పారు. "ఇంకొంచెం కిందికి... ఇంకొంచెం... ఆ! అక్కడ!" ఏసుబాబు పెన్సిల్‌తో గీత గీశాడు. ఎర్ర రంగు వాడలేదు, చూశారా! అలాంటి నల్లరాయి కోసం ఆయనే తిరిగాడు, తెచ్చాడు, ముహూర్తానికి రెండు రోజుల ముందు బిగించేశాడు. పాతదానికంటే రెండు వేళ్ళు కిందికి ఉంది. అత్తగారికి ఇంకా హాయిగా ఉందని నాకు తెలుసు. ఆవిడ చెప్పరు, నేనడగను.

మొన్న పాలు పొంగాయి. చుట్టాలంతా ఉన్నారు, భార్యతో కలిసి ఏసుబాబూ వచ్చాడు. అత్తగారు కొత్త గట్టుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. మరి ఏమనుకున్నారో, నావైపు తిరిగి నా నుదుటిమీద కూడా ఒకటి పెట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి.

వెనక నుంచి మా ఆయన గొంతు. "మేస్త్రీ, తొందరపడకు! ముందు వాయిస్ మెసేజ్ పెట్టి కనుక్కో!"

అందరూ గొల్లుమన్నారు. నవ్వనిది అత్తగారొక్కరే. పాలగిన్నె దింపుతూ, "పెట్టి ఏం లాభం నాయనా? అది వినదుగా!" అన్నారు.

ఏం చెయ్యను? బొటనవేలు పైకెత్తి చూపించాను.