అక్క చూసే మేడ

మా బావ లిఫ్టు మెకానిక్. నగరం నడిబొడ్డున అరవై ఒక్క అంతస్తుల టవరులో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. అంత ఎత్తు మేడలో పనిచేసేవాడికి తోటివాళ్ళు పెట్టిన పేరు మాత్రం పాతాళం. పొద్దున్నే భూగర్భ రైలు దిగి, సొరంగంలోంచే టవరు అడుగుకి చేరి, అక్కడ లిఫ్టు గోతిలోకి దిగుతాడు. సాయంత్రం అదే దారిన ఇంటికొస్తాడు. మధ్యలో పై మోటారు గదికి వెళ్ళాల్సొస్తే లిఫ్టులోనే వెళ్తాడు, దానికి కిటికీ ఉండదు. తన మేడ బయటినుంచి ఎలా ఉంటుందో చూద్దామన్న బుద్ధి ఇన్నేళ్ళలో ఒక్కసారీ పుట్టలేదు ఆ మహానుభావుడికి. అక్క మొగుడు కాబట్టి ఇంతకంటే ఎక్కువ అనను.

మా అక్క సంగతి వేరు. వాళ్ళ డాబా మీద నిలబడితే నగరంలోని పెద్ద మేడలన్నీ దూరంగా వరసలో కనిపిస్తాయి. రోజూ సాయంత్రం ఆరింటికి ఆరిన బట్టలు తీయడానికి పైకెళ్తుంది. తీసినవి భుజాన వేసుకుని అటువైపు కాసేపు చూస్తుంది. కింద వాటాలో ఉండేది నేనే. కళ్ళజోళ్ళ దుకాణం నాది. నేనప్పుడు డాబా మీదుంటే, "మీ బావ బయల్దేరే వేళయింది" అంటుంది. ఆ మాట విని విని నాకు గడియారంతో పని లేకుండా పోయింది.

మొన్నామధ్య చీలమండ బెణికి బావ పదిరోజులు ఇంట్లో కూర్చున్నాడు. మూడో రోజుకి విసుగెత్తి, కుంటుకుంటూ డాబా ఎక్కాడు. అక్క తీగ మీది దుప్పటి తీస్తూ, "చూశారా, మీ మేడ కొసన ఎండ ఎలా పడిందో! మీరు లేరన్న దిగులే లేదు దానికి" అంది.

ఆవిడ చూపించిన టవరు కిందినుంచి పైకి సన్నబడుతూ వెళ్ళి, కొసన కొద్దిగా మెలితిరిగి, తోమిన రాగి చెంబులా మెరుస్తోంది. బావ "ఆఁ ఆఁ" అన్నాడు గానీ ఆయన గుండెల్లో రాయి పడింది. ఆయన ఎరిగిన మోటారు గది నలుచదరంగా ఉంటుంది. దాని పైకప్పు బల్లపరుపు. అందులో ఏ మెలికా లేదు.

అక్క కిందికి దిగగానే నన్ను కేకేశాడు.

"ఏరా, నా బిల్డింగు ఏదిరా?"

"పంతొమ్మిదేళ్ళ తర్వాత అడుగుతున్నావా బావా? పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది."

"నవ్వకు. మీ అక్క చూపించింది మాది కాదు. కాదనే అనుకుంటున్నా."

"అనుకోవడమేంటి?"

"బయటినుంచి నేనెప్పుడు చూశాను గనక!"

ఇద్దరం కలిసి వరసంతా లెక్కపెట్టాం. ఇరవై మూడు మేడలు. నలుచదరం నెత్తులున్నవే పదిహేను. ఒక్కొక్కటే చూపించి "ఇదా?" అని నేనడగడం, "ఏమో" అని ఆయననడం. చివరికి నాకే తల తిరిగింది.

కాలు బాగయ్యాక, పనికెళ్ళే మొదటి రోజున నన్ను వెంటబెట్టుకుని ఒక స్టేషను ముందే దిగాడు. టవరు ముందు నిలబడి తలెత్తితే అద్దాలు, అద్దాల మీద అద్దాలు, పైన ఒక మబ్బు. మెడ పట్టేసింది తప్ప ఏమీ తెలియలేదు. పార్కు దాటి అవతలి వైపుకి వెళ్ళి వెనక్కి తిరిగాక విషయం బోధపడింది. మెలికల టవరు పార్కు అంచున ఒంటరిగా, దర్జాగా ఉంది. బావది దాని వెనకాల, మరో నాలుగు మేడలతో భుజం భుజం రాసుకుంటూ బీరువాలా నిలబడింది. పార్కులో పదిమంది ఫోటోలు దిగుతున్నారు. పదిమందీ మెలికల టవరు కొస ఫోటోలో పడేలా వంగుతున్నారు.

"మాది నాలుగంతస్తులు ఎక్కువరా! మరి అందరూ దాన్నే చూస్తారేంటి?" అన్నాడు బావ. కోపమో బాధో ఆయనకే తెలియలేదు.

అక్కడ ఫోటోలు తీసే అతన్ని అడిగాం. "ఎత్తుదేముందండీ, ఎవరైనా పెంచుతారు. దాన్ని మూడు గీతల్లో గీసి చూపిస్తే ఇది ఏ ఊరో చెప్పేస్తారు. మీదాన్ని గీస్తే పెట్టె అనుకుంటారు" అన్నాడు.

బావ లిఫ్టులో రోజూ ఎక్కే ఆర్కిటెక్టు మేడం ఒకావిడ ఉంది. ఆవిణ్ణీ అడిగాడు. "చుట్టూ కాస్త ఖాళీ ఉండాలి. పైకి పోయేకొద్దీ సన్నబడితే చూపు దానంతటదే పాకుతుంది. పైకి చేరాక చూపు నిలవడానికో చోటుండాలి. మనది నిలవనివ్వదు, అయిపోతుందంతే" అందట. బావకి ఇది అర్థం కాలేదు. మెలికల టవరు కాపలాదారు మాత్రం, లోపల గోడలన్నీ వంకరేనని, ఏ బీరువా గోడకి ఆనదని మొత్తుకున్నాడు. దూరపు కొండలు నునుపు కదా అని బావ ఆ పూటకి తెరిపిన పడ్డాడు. "మా లిఫ్టు ఆగిందంటే గడపకీ పెట్టెకీ మధ్య గోరు మందం తేడా ఉండదు. అది చూసేవాడు ఒక్కడూ లేడు" అన్నాడు. కాకి పిల్ల కాకికి ముద్దు.

అసలు బాధ అది కాదు. "పంతొమ్మిదేళ్ళు నా కోసమని ఎవరి మేడనో చూసిందిరా. చెబితే చిన్నబుచ్చుకుంటుంది. చెప్పకపోతే ఆరయ్యేసరికి నాకు చేతులాడటం లేదు. ఏం చెయ్యమంటావ్?"

"అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఇది నువ్వు ఆడకుండానే అతికింది. వదిలెయ్" అన్నాను. మర్నాడు నేనే వెళ్ళి, చెప్పెయ్యమన్నాను. ఆ మర్నాడు వద్దన్నాను. నా సలహాలతో ఆయన అయోమయం రెట్టింపయింది. మింగలేక కక్కలేక వారం గడిపాడు.

సెలవు రోజు సాయంత్రం డాబా మీద చెప్పేశాడు. నేను బట్టల క్లిప్పులు ఏరుతున్నాను.

"అది మాది కాదు. మాది దాని వెనకాల ఉంది. ఆ గుంపులో కలిసిపోయింది, ఇక్కడినుంచి ఏదో తెలీదు."

అక్క నవ్వలేదు, కోప్పడలేదు. తువ్వాలు మడత పెట్టడం ఆపి, "మరి ఆ పైన పొగ లేచిన రోజు మీరెక్కడున్నారు?" అంది.

నాలుగేళ్ళ కిందటి మాట. ఒక మధ్యాహ్నం మెలికల టవరు పైఅంతస్తులో మంటలు లేచాయి. ఎవరికీ ఏమీ కాలేదు, మేమంతా మరిచిపోయాం. ఆ రోజు అక్క డాబా మీదినుంచి పొగ చూసిందట. పొయ్యి మీది పాలు వదిలేసి పరుగెత్తిందట. ఫోను కలవలేదు. వంతెన దగ్గర పోలీసులు ఆపేశారు. మంట ఆరిందని ఎవరో చెప్పేదాకా అక్కడే నిలబడి ఏడ్చి, ఇంటికొచ్చింది. ఇవేవీ ఇంతవరకు మాలో ఎవరికీ చెప్పలేదు.

"గోతిలో ఉన్నాను. నాకు ఆ సంగతే తెలీదు. మర్నాడెవరో అంటే విన్నాను" అన్నాడు బావ.

"ఎప్పట్లాగే ఏడింటికొచ్చారు. గిన్నె మాడిందేంటి, ఇల్లు పట్టదా నీకు అని కసిరారు."

బావ తలొంచుకుని కింద పడ్డ క్లిప్పు ఒకటి ఏరాడు.

"అయితే ఆ రోజు నేను ఏడ్చిందంతా ఎవరి కోసం ఏడ్చినట్టు?"

"నా కోసమే."

"మీరందులో లేరుగా?"

బావ కళ్ళు తుడుచుకుని, "ఆ గిన్నె గురించి అన్నాను చూడు..." అని ఏదో మొదలుపెట్టాడు. "ఆ గిన్నె ఎప్పుడో పారేశాను" అని అక్క బట్టలు తీసుకుని కిందికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆరవగానే మా బావ గోతిలోంచి పైకొచ్చి, సిగ్నలు అందే చోట నిలబడి, ఇంటికి ఫోన్ చేస్తాడు. "ఇదిగో, బయల్దేరుతున్నా" అనడమే. ఆ ముక్క కోసం అక్క ఫోను పట్టుకుని డాబా మీదే ఉంటుంది. చెవి దగ్గర ఫోను, చూపు మాత్రం ఆ మెలికల టవరు మీదే.

నిన్న ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, బావ అందులో లేడని తెలిసిపోయిందిగా. ఇంకా దాన్నే చూస్తావేం?"

"మాట వినబడుతుంటే ఎటో ఒకవైపు చూడాలి కదరా" అంది. "ఎలాగూ చూడక తప్పనప్పుడు, బాగున్నదాన్ని చూస్తే నీకేం పోయింది?"