తార్నాక పెళ్లిలో నా క్లారినెట్

మా డిపార్టుమెంటు అటెండరు పెళ్లిళ్ల రోజుల్లో బ్యాండు మాస్టరు. మాణికేశ్వర్ నగర్‌లో ఆయనకు ఏడుగురు మనుషుల మేళం ఉండేది. నేను కోస్తా నుంచి వచ్చి క్యాంపస్ హాస్టల్లో ఉంటూ రీసెర్చి చేస్తున్నాను. కాలేజీలో ఉండగా ఎన్.సి.సి. బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణని ఒకసారి ఆయన ముందు గొప్పగా చెప్పుకున్నాను.

అరవై ఎనిమిది చివర్లో ఒక శుక్రవారం ఆయన ల్యాబులో నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“సార్, మా క్లారినెట్ ఆయనకు కామెర్లైనయి. ఎల్లుండి తార్నాకల పెండ్లున్నది. జర మీరు వాయించాలె.”

ఆరేళ్లుగా దాన్ని ముట్టుకోలేదని చెప్పాల్సింది. సరే అన్నాను.

మర్నాడు వాళ్ల వాకిట్లో ఒక్కసారి కలిసి వాయించాం. నా పక్కన రెండో క్లారినెట్ ఒక పెద్దాయనది. అరవై దాటి ఉంటాయి. నా క్లారినెట్ మూతికుండే పల్చటి రెల్లుబద్ద, రీడు, ఊడదీసి, నీళ్లలో తడిపి, మళ్లీ బిగించి ఇచ్చాడు. “పెదవులు గట్టిగ పట్టకున్రి సార్, జల్ది అలిసిపోతయి,” అన్నాడు. నాకు తెలుసన్నట్టు తలూపాను.

ఆదివారం పొద్దు వాలుతుండగా ఊరేగింపు బయల్దేరింది. తార్నాక చౌరస్తా దాటేసరికే నా పెదవులు మొద్దుబారాయి. పెళ్లివారి గుమ్మం ముందు డోళ్లు ఆగాయి, హారతి పాట ఎత్తుకున్నాం. మొదటి చరణంలోనే నా క్లారినెట్ కీచుమంది. సర్దుకోబోతే ఇంకా పెద్దగా కీచుమంది. పళ్లెం పట్టుకున్న ఆడవాళ్లు నవ్వాపుకోలేకపోయారు.

పెళ్లికూతురి తండ్రి ముందుకొచ్చాడు. “శుభమా అని పెండ్లి జేస్తుంటే గిదేంది? ఎవరు వాయించింది?”

ఆయన వెనక మా ప్రొఫెసరుగారు నిలబడి ఉన్నారు. నన్నింకా చూడలేదు. నేను తల దించుకున్నాను.

పెద్దాయన ఒక అడుగు ముందుకేసి టోపీ తీశాడు. “నేనే దొరా. ముసలోణ్ణయిన. దమ్ము అందుతలేదు.”

“గిసొంటోళ్లను ఎందుకు తెస్తరయ్యా,” అని తండ్రి మాస్టరును కసిరాడు. పెద్దాయనను పక్కకు నిలబెట్టి పాట కానిచ్చారు. నేను వేళ్లు కదిపాను కానీ ఊదలేదు.

సోమవారం మాస్టరుకు చెబుదామనుకుని చెప్పలేదు. తర్వాత రెండు పెళ్లిళ్లకు పెద్దాయనను పిలవలేదని తెలిసింది. అప్పుడూ చెప్పలేదు. ఇంతలో ప్రత్యేక రాష్ట్ర ఆందోళనలతో క్యాంపస్ మూతపడింది, నేను మా ఊరు వెళ్లిపోయాను.

కొన్ని నెలలకు తిరిగొచ్చిన రోజే మాస్టరుకు చెప్పేశాను. ఆయన గాజుసామాను కడుగుతూ విన్నాడు.

“నాకెరికే సార్. ఏ క్లారినెట్ కీచుమన్నదో నాకు తెల్వదా?”

“మరి ఆయన్నెందుకు మాన్పించారు?”

“పెండ్లికొచ్చినోళ్లందరు గాయన మొఖమే సూసిన్రు. ముసలాయన ఉంటే మేళమే వద్దంటున్రు. నేనేం జేతు?”

ఆ సాయంత్రమే పెద్దాయన ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నాడు. పీట వేశాడు. నేను నిలబడే చెప్పాను.

“ఎవర్నో చూసి మీరు మొఖం దాసుకున్నరు. ఇజ్జత్ పోతదని భయపడ్డరనుకున్న. అందుకే నేనే అన్న,” అన్నాడు. చాటలోంచి ఒక రాయి ఏరి పారేశాడు. “గని మర్నాడన్న వస్తరనుకున్న సార్.”

చాయ్ ఇచ్చారు. పీట మీద కూర్చుని తాగాను.

ఆ ఆదివారం తార్నాక వెళ్లి పెళ్లికూతురి తండ్రికి జరిగిందంతా చెప్పాను. ఆయనకు మొదట ఏ బ్యాండో గుర్తే రాలేదు. “గిది చెప్పనీకి గింత దూరమొచ్చినవా?” అని, అడిగినవాళ్లకు నిజం చెబుతానన్నాడు.

మాస్టరు పెద్దాయనకు మళ్లీ కబురు పంపాడు. ఆయన రానన్నాడట. “నా జాగల ఇంకోడు కుదురుకున్నడు. ఆని పొట్ట కొట్టుడెందుకు,” అన్నాడట.