టార్పాలిన్ వద్దని చెప్పించింది నేనే

కొన్నేళ్లుగా మబ్బు పడితే చాలు, నాకు గుండెల్లో గుబులు. జగ్గయ్యపేటలో మా డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తున్నా తడిసిన పత్తే గుర్తొస్తుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

శ్రీధరూ నేనూ కలిసి చదువుకున్నాం. నందిగామలో ఒక గది తీసుకుని చిన్న ఆఫీసు పెట్టాం. బయట తిరిగి అందరితో మాట్లాడేది వాడు, ప్రోగ్రాము రాసేది నేను. ఒక జిన్నింగు మిల్లు మాకు పని ఇచ్చింది. పత్తి ఏ రోజు తేవాలో ఒక్కో రైతుకీ ఫోనులో మెసేజ్ వెళ్లాలి, ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు తీరకూడదు. అంతే. పెద్ద పనేం కాదు.

నేనేం చేశాను? ప్రోగ్రాము రాయడం మానేసి, అది రాసుకునే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ని ముస్తాబు చేస్తూ కూర్చున్నాను. తెర రంగు మార్చాను. రైతులకి వెళ్లే మెసేజ్‌లో తెలుగు ఒత్తులు కింది వరుసకి తగులుతున్నాయని వరుసల మధ్య ఎడం పెంచి, మళ్లీ తగ్గించి, ఆ సెట్టింగు కోసం ఇంకో సెట్టింగు వెతికి, ఇదంతా పనేనని నన్ను నేను నమ్మించుకున్నాను. బద్ధకమా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీ దిగేవాణ్ణి కాదే! భయమేమో. రాస్తే తప్పులొస్తాయి. సర్దుకుంటూ కూర్చుంటే ఏ తప్పూ రాదు.

ఒక మధ్యాహ్నం శ్రీధర్ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"అయిపోయినట్టేనారా? వత్సవాయిలో మా మావయ్యకి చెప్పేస్తున్నా, ఈసారి మిల్లు దగ్గర పడిగాపులుండవు, టార్పాలిన్ మోసుకు రావద్దని."

"చెప్పెయ్‌రా. టెస్టింగ్ ఒక్కటే మిగిలింది."

అప్పుడు నా తెర మీద ఉన్నది ప్రోగ్రాము కాదు, రంగుల పట్టిక.

రైతులని రోజుల వారీగా పంచే భాగం నేను రాయనేలేదు. గడువు మీద పడేసరికి అందరికీ ఒకే తేదీ వెళ్లేలా పెట్టేసి, తర్వాత సరిచేయొచ్చులే అనుకున్నాను. అందరూ ఒకే రోజు వచ్చారు. ట్రాక్టర్లు హైవే దాకా నిలిచిపోయాయి. వాన పడింది. శ్రీధర్ వాళ్ల మావయ్య దగ్గర కప్పడానికేమీ లేదు. పైపంచె తీసి ఆ పత్తి మీద పరిచాడు. నేను చూశాను. తడిసిన పత్తి మాకొద్దన్నారు మిల్లువాళ్లు.

"ఏమైందిరా?" అన్నాడు శ్రీధర్.

"నువ్వు మాట్లాడిపెట్టిన మెసేజ్ సర్వీసులోనే ఏదో తేడా ఉందిరా" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! వాడు నమ్మాడు. తప్పు తనదేనని ఆ వానలోనే మావయ్యకి చెప్పుకున్నాడు. ఆయన మళ్లీ వాడితో మాట్లాడలేదు. ఆఫీసు మూతపడింది. వాడిప్పుడు ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తున్నాడు. ఎప్పుడు కనపడినా "నీ కష్టమంతా నేను పాడుచేశానురా" అంటాడు. కాదని నేను ఒక్కసారీ అనలేదు. ఎలాంటి మనిషిని నేను?

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు కదా. ఇది రాయడానికి అదే ఎడిటర్ తెరిచాను. మొదటి వాక్యం రాయకముందే ఫాంటు మార్చాను. సిగ్గేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుని, అప్పుడు మొదలుపెట్టాను. ఒత్తులు కింది వరుసకి తగులుతున్నాయి. తగలనీ. తప్పు నాది, శ్రీధర్‌ది కాదు.