దాడుల తర్వాత నిలిచిన భాష

1979 ఆగస్టులో న్యూజెర్సీలోని ఒక స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు శాఖ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. పార్సిప్పనీలోని మా అపార్ట్‌మెంట్ నుంచి కారులో అరగంట ప్రయాణం. నా పరిశోధన తొలినాటి ఇంగ్లీషు మీద. అంటే నార్మన్లు ఇంగ్లండును గెలవకముందూ, గెలిచిన తర్వాత కొన్ని తరాలపాటూ వచ్చిన రచనల మీద. గుంటూరు నుంచి వచ్చినావిడకు ఈ సబ్జెక్టు మీద ఆసక్తి ఎలా కలిగిందని ఇంటర్వ్యూలో ఒకరు అడిగారు. తెలుగు పుస్తకాలకంటే పాతకాలపు శాసనాలు చదివే ఇంట్లో పుట్టానని చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు.

అమెరికాలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ది పర్మనెంటు ఉద్యోగం కాదు. కొన్నేళ్ళు పని చూసి, సీనియర్లు ఓటు వేసి, సరేననుకుంటే టెన్యూర్ ఇస్తారు. అది వస్తే తీసెయ్యడం దాదాపు అసాధ్యం. రాకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. ఓటుకు ముందు సీనియర్లు మన క్లాసులో కూర్చుని రిపోర్టు రాస్తారు.

రెండో ఏడు మొదట్లో మా శాఖాధ్యక్షురాలు మార్గరెట్ పిలిచారు. తొలినాటి సాహిత్యం కోర్సులో పిల్లలు చేరినట్టే చేరి డ్రాప్ చేస్తున్నారు, శాఖలో కోర్సులు నిర్ణయించే కమిటీ దాన్ని తీసెయ్యాలనుకుంటోంది, ఈ సెమిస్టర్ మీరు చెప్పండి, క్లాసు నిలబడకపోతే నేనేమీ చెయ్యలేను అన్నారు.

ఆ సాయంత్రం మావారు రామ్మోహన్‌కి చెప్పాను. ఆయన ఇంజనీరు, ఏదైనా తేల్చేసి మాట్లాడతారు.

"పాత సిలబస్సే ఫాలో అయిపో. పోతే కోర్స్ పోతుంది, నీ జాబ్ కాదుగా?"

"ఆ కోర్స్ టీచ్ చెయ్యడానికే నన్ను హైర్ చేశారండీ. అది పోతే నాతో వాళ్ళకేం పని?"

"టెన్యూర్ రాకముందే కమిటీతో గొడవ పెట్టుకుంటావా?"

"గొడవేం కాదు. పిల్లలు ఎందుకు డ్రాప్ చేస్తున్నారో నాకు తెలుసు. అది మారుస్తాను."

పాత పద్ధతిలో మొదటి రోజే వ్యాకరణం పట్టికలు ఇచ్చేవారు. ఆ తర్వాత పద్యాలు. అవి ఎవరు, ఏ అవసరంలో రాశారో ఎవరూ చెప్పేవారు కాదు. నేను వరస తిరగేశాను. ముందు దేశంలో ఏం జరిగింది, తర్వాత ఏం రాశారు, ఆ పైన పదాలు.

సముద్రపు దాడులతో మొదలుపెట్టాను. ఉత్తర దేశాల నుంచి పడవల్లో వచ్చినవాళ్ళు ఇంగ్లండులోని క్రైస్తవ మఠాలను దోచి తగలబెట్టారు. ఆ రోజుల్లో పుస్తకాలుండేది మఠాల్లోనే. కొన్ని తరాలు గడిచేసరికి లాటిన్ చదవగలిగేవాళ్ళు కరువయ్యారు. అప్పుడు ఇంగ్లండు దక్షిణాన ఒక రాజు, అవసరమైన పుస్తకాలను జనం మాట్లాడే ఇంగ్లీషులోకి మార్పించాడు. చదువు పూర్తిగా అంతరిస్తుందన్న భయం ఇంగ్లీషు వచనానికి బలం పోసింది. ఇది చెప్పినరోజు క్లాసులో ఎవరూ గడియారం చూడలేదు.

నార్మన్ల విజయం దగ్గరికి వచ్చినప్పుడు తెలుగును సాయం తెచ్చుకున్నాను. పొలం, నాగలి, వాన మా మాటలు. కచేరీ, ఫిర్యాదు, జరిమానా పాలకుల వెంట వచ్చాయి. ఇంగ్లీషులోనూ పశువు బతికున్నంతకాలం 'కౌ', రైతు మాట; వండి బల్ల మీద పెడితే 'బీఫ్', నార్మన్లు తెచ్చిన ఫ్రెంచి మాట. భాషను చూస్తే ఎవరు ఎవరి కింద బతికారో తెలుస్తుందని చెప్పాను.

శాఖలో సీనియర్ అయిన ప్రొఫెసర్ హారిస్ రిపోర్టు కోసం నా క్లాసు చూడ్డానికి వచ్చిన రోజు, ఆ సముద్రపు దాడుల కాలంలో ఇంగ్లీషువాళ్ళు ఓడిపోయిన ఒక యుద్ధం మీది పద్యం చదువుతున్నాం. డానియల్ అని వియత్నాం నుంచి తిరిగొచ్చి చదువుకుంటున్న విద్యార్థి ఉండేవాడు. అతను ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. ఆ రోజు చెయ్యెత్తాడు.

"ఓడిపోయాక దీన్ని ఎవరు రాశారు? ఎవరు వింటారని రాశారు? మేం తిరిగొచ్చాక మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు."

రాసినవారి పేరు తెలియదని చెప్పాను. దాడిచేసేవాళ్ళతో పోరాడాలా, డబ్బిచ్చి పంపెయ్యాలా అని దేశం కొట్టుకుంటున్న కాలం అది. నాయకుడు పడిపోయాక నిలబడ్డవాళ్ళ పేర్లూ, పారిపోయినవాళ్ళ పేర్లూ అందుకే అందులో ఉన్నాయన్నాను. డానియల్ మళ్ళీ పుస్తకం తెరిచి, పారిపోయినవాళ్ళ పేర్లు పైకి చదివాడు. వాళ్ళను నిందించాలా వద్దా అని క్లాసు రెండుగా చీలి వాదించుకుంది. టైమైపోయాక కూడా చాలామంది లేవలేదు.

హారిస్ రిపోర్టు వేరుగా ఉంది. క్లాసు చురుగ్గా ఉంది కానీ అది చరిత్ర పాఠం, సాహిత్యం కాదు, తెలుగు ప్రస్తావన అనవసరం అని రాశారు. కమిటీ నన్ను రమ్మంది. సిలబస్ మార్చుకుంటానని చెప్పి బయటపడమని మార్గరెట్ సలహా ఇచ్చారు. ఆవిడ నా మంచికే చెప్పారు. అయినా వెనక్కి తగ్గదలచుకోలేదు.

మీరు చెప్పేది చరిత్రా సాహిత్యమా అని హారిస్ అక్కడా అడిగారు.

"మఠాలు తగలబడ్డ సంగతి తీసేసి, ఆ రాజు పుస్తకాలు ఇంగ్లీషులోకి ఎందుకు మార్పించాడో మీరు చెప్పండి. చెప్పగలిగితే నా సిలబస్‌లోంచి చరిత్ర తీసేస్తాను," అన్నాను.

ఆయన కారణాలు వేరే ఉండొచ్చన్నారు. ఏవో చెప్పమని అడిగాను. అది కమిటీ తేలుస్తుందన్నారు.

గెలిచానని అనను. ఏటా తప్పనిసరిగా నడిపే కోర్సుగా అది మిగల్లేదు. చాలినంతమంది చేరితేనే నడిచే ఎలెక్టివ్‌గా మార్చారు. పిల్లల్ని నేనే పోగుచేసుకోవాలని దాని అర్థం. హాలులో నోటీసులు నేనే అంటించాను, చరిత్ర శాఖకు వెళ్ళి వాళ్ళ క్లాసుల్లో నిలబడి నా కోర్సు గురించి చెప్పాను. మరుసటి ఏడు గది నిండింది. 1985లో టెన్యూర్ వచ్చింది, ఏకగ్రీవంగా మాత్రం కాదు. వ్యతిరేకంగా ఓటేశానని హారిస్ స్వయంగా నా గదికి వచ్చి చెప్పారు. ఆయన అభిప్రాయం రిటైరయ్యేదాకా మారలేదు. నాదీ మారలేదు. లంచ్ మాత్రం చాలాసార్లు కలిసే చేశాం.

ఆ సెమిస్టర్ వల్ల నేను తెలుసుకున్నది ఒకటే. పాత రచనను పిల్లల ముందు పెట్టేటప్పుడు అది ఎంత గొప్పదో చెప్పి లాభం లేదు. అది రాసిన రోజుల్లో రాసినవాళ్ళ మీద ఏం వచ్చిపడిందో చెప్పాలి. ఆ తర్వాత చదవడం, మానడం వాళ్ళ ఇష్టం.